చదరంగం గళ్ళు, వడ్ల గింజలు, పావులూరి మల్లన

64 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో మైనస్ 1 వేసి ప్రింట్ చేస్తే 18446744073709551615 వస్తుంది. మన ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు ఏదో ఒక లాగ్ ఫైల్లో ఈ నంబరు చూసి తల పట్టుకునే ఉంటారు. ఇందులోని ఇరవై అంకెలూ 11వ శతాబ్దంలోనే ఒక తెలుగు పద్యంలోకి ఎక్కాయని మాత్రం నాకు ఇంజనీరింగ్ అయిపోయాక గానీ తెలీలేదు.

రాసినాయన పావులూరి మల్లన. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసింది ఈయనే. మహావీరుడు ఆ పుస్తకంలో పొగిడిన రాజు రాష్ట్రకూట అమోఘవర్షుడు. మా సిరిసిల్ల పక్కనున్న వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే.

లెక్క మీకు తెలిసిందే. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో 2, మూడో దాంట్లో 4... 64 గళ్ళకు మొత్తం ఎంత? కోతలప్పుడు జగిత్యాల, కోరుట్ల రోడ్ల పక్కన వడ్ల కుప్పలు చూసినవాళ్ళకు కూడా ఇది ఊహకందదు. గ్రాముకు 40 బియ్యపు గింజలు అనుకుంటే 46 వేల కోట్ల టన్నులు! ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన పంట.

64 సార్లు కూడాల్సిన పని లేదు. 2ను వర్గం చేస్తే 4, దాన్ని చేస్తే 16, తర్వాత 256, 65536... ఇలా ఆరుసార్లు వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు.

మల్లన అంకెలకు బదులు మాటలు వాడాడు. బాణాలంటే 5 (మన్మథుడివి ఐదే కదా), వేదాలంటే 4, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలెట్టి చెప్పాడు. మన భాషలో లిటిల్ ఎండియన్ అన్నమాట! తాటాకు మీద కాపీ చేసేటప్పుడు ఒక మాట జారిపోతే ఛందస్సు తప్పుతుంది, దొరికిపోతుంది. ఇంకో చెక్ కూడా ఉంది. అంకెలన్నీ కూడితే 87, 3తో నిశ్శేషంగా పోతుంది. అసలు సంఖ్యా పోవాలి, పోతుంది కూడా.

ఎందుకంటే ఇది 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధం. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని ఫెర్మా నమ్మాడు. చివరిది 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ తేల్చేశాడు.

మల్లనే మొదటివాడని నేననను. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బెరూనీ కూడా ఈ మొత్తాన్ని సరిగ్గా లెక్కగట్టాడు. మల్లనకు కంప్యూటర్ తెలుసనీ అనను. ప్రతిదానికీ "మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు" అనేవాళ్ళంటే నాకూ చిరాకే. కానీ ఫెర్మా, ఆయిలర్ పేర్లు పరీక్షల కోసం బట్టీ పట్టిన నాకు, లెక్కల్ని తెలుగులో చెప్పిన మల్లన పేరు నాలుగేళ్ళలో ఒక్క క్లాసులోనూ వినపడకపోవడం మాత్రం బాధగానే ఉంది.

ఈసారి ఆ నంబరు లాగ్‌లో కనపడితే, బగ్ సరిచేసే ముందు ఆయన్నోసారి తలుచుకోండి.