ఓరుగల్లు: పేరులోని రాయి

ఉప్పల్, నాచారము ప్రాంతములవారికి వరంగల్లు బాట ఇంటిముంగిటి బాట. ఆ బాటను ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్లు పోయినచో కాకతీయుల రాజధాని వచ్చును. బస్సు బోర్డుపై ‘వరంగల్’ అని చదువువారిలో ఎందరికి ఆ పేరులోని రాయి కనబడుచున్నది?

ఆ రాయి కోటలోపల నిజముగనే యున్నది. ఒకే బండయా అన్నట్లు నేలనుండి లేచిన గుట్ట అది. పేరునకు మూలము అదియే. ‘ఓర్’ అనగా ఒకటి. తమిళులు నేటికిని ఆ మాటను వాడుదురు. ‘కల్లు’ అనగా రాయి. కల్లనగానే మనకిప్పుడు తాటిచెట్టు తలపునకు వచ్చును గాని, పెండ్లిలో వధువుచే తొక్కించు సన్నెకల్లులో పాత అర్థము చెక్కుచెదరలేదు. సమాసమున ‘కల్లు’ ‘గల్లు’ అయినది.

సంస్కృత పండితులు ఈ పేరును ‘ఏకశిలానగర’మనిరి; శబ్దమును విడిచి అర్థమును పట్టిరి. 1310 నాటి ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో పారశీకమున ‘అరంగల్’ అని వ్రాసెను. ఆయన పట్టినది శబ్దమును మాత్రమే. పదము మొదటి ఓకారమును ‘వో’ అని పలుకుట మనకు అలవాటు. ‘వరంగల్’ లోని వకారము అట్లు వచ్చినదేయని మా అభిప్రాయము.

1323లో ప్రతాపరుద్రుని జయించిన తుగ్లకులు నగరమునకు సుల్తాన్‌పూర్ అని పేరిడిరి. ఆ పేరు నేడు చరిత్ర గ్రంథములలో తప్ప వినరాదు. ఓరుగల్లు అనుమాట మాత్రము జనుల నోట ఇంకను ఉన్నది.