భీమవరం నుంచి గద్వాల దాకా ఒక గోలీ

గోరంత ఎర్ర గోలీ, పైన చక్కెర పూత. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గర్భిణుల చేతికి అందే ఈ గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వేసుకుంటే వికారమని, మలం నల్లబడుతోందని చాలామంది మధ్యలోనే మానేస్తారు. దీని వెనక ఎంత కథ ఉందో తెలిస్తే మానబుద్ధి కాదేమో.

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో రక్తం తగ్గిపోయిన గర్భిణులకు ఈస్టు సారం తినిపించింది. వాళ్లు కోలుకున్నారు. అందులో ఏముందో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు సారథి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోబుట్టువును మింగింది, ఆయన్నూ చావు అంచుల దాకా తీసుకెళ్లింది. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందుగా పనికొచ్చింది. ఇంతటి మనిషి 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశాడు.

అసలు సంగతి 1991లో తేలింది. వెన్నుపాము లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం దాల్చకముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. కారణం ఇదీ: పిండంలో మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని దాదాపు అయిపోతుంది.

2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గద్వాల, నాగర్‌కర్నూల్ సహా తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు పోషకాహార కిట్లు మొదలుపెట్టింది. మంచి పనే. రక్తహీనతకు అది కావాలి. కానీ ఆ కిట్టు అందింది గర్భం నిలిచాకే. ఇక ఈ పల్లెలున్న పాలమూరు ప్రాంతం నుంచి పనులకు వలస పోయే జంటల్లో తొలి పరీక్షే ఆలస్యమవుతుంది.

కొత్తగా పెళ్లయిన అమ్మాయిలారా, బిడ్డను కోరుకుంటున్నప్పుడే ఆశా అక్కనో ఏఎన్ఎంనో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గోలీ అడగండి, మూడో నెల నిండేదాకా వేసుకోండి. ముందు కాన్పులో బిడ్డకు వెన్నుపాము లోపం ఉన్నవాళ్లు మోతాదు కోసం తప్పకుండా డాక్టరును కలవండి.