షూటింగ్ రేంజ్ భద్రత (హైదరాబాద్)

షూటింగ్ రేంజ్ అంటే తుపాకీతో గురి చూసి కాల్చడం సాధన చేసే స్థలం. హైదరాబాద్‌లో ఈ క్రీడకు ప్రధాన కేంద్రం గచ్చిబౌలిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న ప్రభుత్వ రేంజ్. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వాసులకు కూడా ఇది అందుబాటు దూరమే. రేంజ్ కొత్తదైనా పాతదైనా, అక్కడి భద్రత గోడల కన్నా ఎక్కువగా క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది.

నేపథ్యం

నగరంలో పెరిగిన గగన్ నారంగ్ 2003లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో స్వర్ణం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం గెలిచాడు. ఇదే నగరానికి చెందిన ఇషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, ఎయిర్ పిస్టల్ జాతీయ విజేతగా నిలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఇలాంటి విజయాలు చూసి పిల్లలు ఈ ఆట వైపు వస్తున్నారు.

చట్టం

భారతదేశంలో తుపాకులకు 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు వర్తిస్తాయి. గొట్టం లోపలి వ్యాసం 4.5 మి.మీ., శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. .22 రైఫిల్, పిస్టల్ వంటి మందుగుండు ఆయుధాలు సొంతం చేసుకోవాలంటే లైసెన్స్ తప్పనిసరి, 21 ఏళ్లు నిండాలి. లైసెన్స్ అక్కర్లేకపోయినా ఎయిర్ గన్ ఆటబొమ్మ కాదు. అందులోంచి వచ్చే సీసపు పెల్లెట్ కంటికి తగిలితే చూపు పోవచ్చు.

భద్రతా నియమాలు

ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. గురి కుదిరే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. సినిమాల్లో హీరో పిస్టల్‌ను వేలికి తిప్పడం, మాట్లాడుతూ ఎదుటివారి మీదికి ఎత్తడం చూసి వచ్చినవారు ముందుగా మానుకోవలసిన అలవాట్లు ఇవే.

కాల్చనప్పుడు ఎయిర్ రైఫిల్ గొట్టంలో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి దూర్చి ఉంచుతారు. అది గొట్టం పొడవునా వెళ్లి రెండు చివర్లా బయటికి కనిపిస్తే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే తెలుస్తుంది. దీన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ‘స్టాప్’ అన్న మాట వినగానే అందరూ కాల్చడం ఆపాలి. అంతర్జాతీయ పోటీల్లో ఆ తర్వాత అనుమతి లేకుండా గుండు ఉన్న తుపాకీని ముట్టుకున్న క్రీడాకారుడిపై అనర్హత వేటు పడవచ్చు. లక్ష్యాల వైపు ఎవరైనా నడిచి వెళ్లేటప్పుడు తుపాకులన్నీ ఖాళీ చేసి ఉండాలి, వాటిని ఎవరూ తాకకూడదు.

చేరేవారి సందేహాలు

తల్లిదండ్రులను ఎక్కువగా వేధించేది పెల్లెట్ వెనక్కి ఎగిరి వస్తుందేమోనన్న భయం. లక్ష్యం వెనక పెల్లెట్‌ను పట్టి కిందికి జార్చే లోహపు పెట్టె సరిగా ఉంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. అయినా కళ్లద్దాలు మేలు. ఎయిర్ గన్ శబ్దం తక్కువే. .22 తూటాల దగ్గర మాత్రం చెవులకు రక్షణ లేకుండా నిలబడకూడదు.

అంతగా పట్టించుకోనిది సీసం. పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో తినుబండారాలు తింటే అది ఒంట్లోకి చేరుతుంది, పిల్లలకు మరీ హాని. సాధన ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాల్చే చోట తినకూడదు, తాగకూడదు. పొడి చీపురుతో ఊడిస్తే సీసపు ధూళి లేస్తుంది కనుక నేలను తడిగుడ్డతో తుడవాలి. మూసి ఉన్న గదుల్లో గాలి బాగా ఆడాలి.

ఎంపిక

ఫీజు కట్టేముందు ఒక సాధన తరగతి పూర్తిగా చూడాలి. కోచ్ దృష్టి ఫోన్ మీద ఉందా, పిల్లల చేతుల మీద ఉందా? కొత్తవారికి తుపాకీ ఇచ్చేముందు నియమాలు చెబుతున్నారా? ‘స్టాప్’ అన్నప్పుడు ఒక్క చెయ్యి కూడా తుపాకీ మీద మిగలకపోతే ఆ రేంజ్‌ను నమ్మవచ్చు. అలా జరగని చోట పిల్లల్ని చేర్చకూడదు.