ఇసుకమీఁది యినుపదారి



మన శ్రీకాకుళ మండలపు తీరమున సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము, పలాస ప్రాంతములలో వీధికి నలుగురైనను పడమటి సముద్రమున కావలనున్న గల్ఫు దేశములకు బ్రదుకుతెరువునకై పోయినవారు కలరు. దుబాయి, మస్కట్టు, రియాదు అను పేరులు అచ్చటి వృద్ధులకుఁ గాశీ ప్రయాగలవలె నోట నాడుచున్నవి. ఆ దేశములలో ఇప్పుడు రైలుదారులు విరివిగా వేయుచున్నారు. మన పిల్లవాఁడు ఎడారిలోఁ బట్టాలు వేయు పనిలోఁ గుదిరినాఁడని వినఁగానే ఇంటనున్న పెద్దకుఁ దోఁచు సందేహ మొకటి యున్నది. ఇసుక నిలుకడ లేనిది కదా, దానిమీఁదఁ బట్టాలెట్లు నిలుచును? పిల్లలు నవ్వవచ్చును గాని యిది నవ్వవలసిన ప్రశ్న కాదు. నూఱేండ్లకు మించి యింజనీర్లను వేధించిన ప్రశ్న యిదియే.

ముందుగా మన నేలను జూతము. విజయవాడనుండి కటకమువఱకు తూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 వఱకు నిర్మింపఁబడినది. ఆ దారికి మన సీమలోఁ బ్రధానశత్రువు నీరు. నల్లరేగడి వానకు నానినచోఁ గట్ట క్రుంగును. నాగావళి, వంశధారలు పొంగినచో గట్లు తెగును. తుపానులమాట చెప్పనేల! 2018 అక్టోబరు 11వ తేదిని పలాసకు చేరువను దీరము దాఁటిన తిత్లీ నింకను మఱచినవారు లేరు. కాఁబట్టి మనదేశపు ఇంజనీరు పట్టా వేయుటకంటె ముందు తూఁములు, కాలువలు, వంతెనలు ఆలోచించును.

ఇట ఒక విచిత్రము గమనింపుఁడు. మన యేళ్ల యడుగున నున్నది ఇసుకయే. గోదావరిపై 1897లో మొదలిడి 1900లో దెఱచిన హేవలాకు వంతెనకుఁ బునాదులు ఆ యిసుకలోనికి దింపిన బావులు. మీరు త్రాగునీటికై వఱలు దింపునట్లే, లోపలి యిసుకను దోడుచు బావికట్టడమును క్రిందికి దింపి, పిదప దానిని బూడ్చి, పైని స్తంభమును లేపుదురు. ఆ వంతెన 1997 వఱకు బండ్లను మోసినది. దీనినిబట్టి యిసుక బలహీనము కాదని తేలుచున్నది. నలువైపుల నడ్డుకట్టి కదలకుండఁ జేసిన యిసుక మహాభారము మోయును. నీటిని నిలువనీయక క్రిందికి జార్చును గనుక నానిన రేగడికంటె నదియే మేలు. కదలు నిసుకయే కీడు. పట్టాల క్రిందనున్న యిసుక మిత్రము, గాలితో మీఁదికి వచ్చు నిసుక శత్రువు. ఎడారి రైలుకథ యంతయు ఈ రెండింటి నడుమ నడచినదే.

మనకు మఱియొక గురువు ఉప్పు. నౌపడా ఉప్పుమళ్లను జూడనివా రిచ్చట నరుదు. అచ్చటినుండియే పర్లాకిమిడి రాజావారు రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నబండికి దారి వేయించిరి. 1900 ఏప్రిలు 1వ తేదిని నడచిన యా బండి 1931 నాటికి గుణుపురము చేరెను, 2004లో నాగిపోయెను. 2011 నాటికి ఆ మార్గముననే పెద్దబండి పట్టాలు పడినవి. (చిన్నబండి వచ్చిననాఁడు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులవా రుపాధ్యాయులుగా నుండిరి. గ్రాంథికము విడువలేని నావంటి వానికి ఆ యూరిపేరు తలఁచినప్పుడెల్లఁ గొంచెము బెదరు. అది యటుండనిండు.) ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుట తీరవాసులకుఁ దెలిసినదే. గల్ఫు తీరమునఁ గూడ నిట్టి చవుడునేలలు యోజనములకొలది కలవు. వానిని అరబ్బులు సబ్‌ఖా యందురు. పైకి గట్టిగాఁ గనఁబడును, క్రింద ఉప్పునీరు. అది ఇనుమునే కాక కాంక్రీటును సైతము తినివేయును. అందుచే నట్టిచోట్లఁ గట్టను ఎత్తుచేసి ఉప్పునీరు పైకెక్కకుండఁ జేయుదురు, కాంక్రీటును సందు లేకుండ దట్టముగాఁ బోయుదురు.

ఇఁక పట్టాదారి యనఁగా నేమి? అడుగున మట్టికట్ట, దానిపైఁ గంకర, కంకరలోఁ గూరుచున్న దిమ్మలు, వానిపైఁ బట్టాలు. దిమ్మలనే స్లీపర్లందుము. వీనిలోఁ గంకరను లోకులు లెక్కసేయరు. కాని మంచమునకు నులకవలె బండిబరువునకు కొంచెము వంగి మరలఁ బైకి లేచునది యదియే. ఱాళ్లమధ్యనున్న సందులే దాని ప్రాణము. ఎడారిగాలి తెచ్చిన మెత్తని యిసుక ఆ సందులలో నిండినచోఁ గంకర బిగిసి గోడవలె నగును. నులక పోయి బల్ల మిగులును. అప్పుడు బండి యదటు లన్నియు దిమ్మలమీఁదను, పట్టాలమీఁదను బడును. అంతేకాక యా యిసుక సానఱాతివలె పట్టా తలను, చక్రమును అరుగఁదీయును.

రెండవది యెండ. ఉక్కు వేఁడికి సాగును. ఒక కిలోమీటరు పట్టా 50 డిగ్రీల వేఁడి హెచ్చినచో స్వేచ్ఛగా వదలినయెడల 57 సెంటీమీటర్లు, అనఁగా మూరకు మించి, పెరుగును. పూర్వము 36 అడుగుల పట్టాలు వేసి అతుకు అతుకునకు సందు విడుచుచుండిరి. మనము బాల్యమున విన్న టకటక ధ్వని యా సందులదే. ఇప్పుడు పట్టాలను మైళ్లకొలది ఏకముగా అతికి, బరువైన కాంక్రీటు దిమ్మలకు బిగించి, ప్రక్కలఁ గంకర నెత్తుగాఁ బోసి సాగనీయక పట్టియుంచుచున్నారు. ఆ పట్టు సడలినచో మిట్టమధ్యాహ్నమున పట్టా పామువలె మెలికపడును. కంకర విలువ యిందుచేతఁ గూడఁ దెలియవలెను.

ఈ శత్రువులనెల్ల నొక్కసారిగా నెదుర్కొన్న తొలి మహాయత్నము హిజాజు రైలుదారి. డమాస్కసునుండి మదీనాకు యాత్రికులు ఒంటెలపై నించుమించు నలువది దినములు నడిచెడివారు. తురుష్కసుల్తాను రెండవ అబ్దుల్ హమీదు 1900లో ఈ దారికి ఆజ్ఞయిచ్చెను. అప్పు చేయక లోకములోని ముసల్మానుల విరాళములతోనే కట్టవలెనని యాతని పంతము. భారతదేశమునుండి ధనము పోయినది. మన హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూము దానికై పాటుపడిరి. జర్మను ఇంజనీరు మైస్నరు పనినడపెను, వేలకొలది తురుష్కసైనికులు మట్టిమోసిరి. కలరా మొదలగు రోగములచేఁ బలువురు మడిసిరి. మదీనాకు సమీపమున ముసల్మానులు కానివారు పోరాదు గనుక తుదిభాగమును స్వమతస్థులైన ఇంజనీర్లే పూర్తిచేసిరి. 1908 సెప్టెంబరునాటికి దాదాపు 1,300 కిలోమీటర్ల దారి ముగిసెను.

వా రనుసరించిన యుపాయములు నేఁటికిని బాఠములు. ఎండకు కొయ్యదిమ్మలు పగులును, వంటచెఱకునకై జనులు పెఱికికొనిపోదురు గూడ. కావునఁ బెక్కుచోట్ల నుక్కుదిమ్మలు వేసిరి. ఇసుక వీచుచోట కట్టపై బంకమన్ను, ఱాళ్లు కప్పి గాలికి లేవకుండఁ జేసిరి, ప్రక్కల ఱాతిగోడ లెత్తిరి. అంతకంటె నాశ్చర్యకరమైన దొకటి. చుక్కనీరు దొరకని యా దేశములో వారు రెండువేలకుఁ బైగా వంతెనలు, తూఁములు కట్టిరి! ఏలయన, ఏఁడాది పొడుగున నెండియుండు వాగు ఒక్క వానకు గుఱ్ఱమువలె దుమికి వచ్చి కట్టను ఊడ్చుకొనిపోవును. వానలేని దేశమని తూఁము మానినవాఁడు తుదకు దారినే పోఁగొట్టుకొనును. ఈ విషయమున మన కొండవాగులకును, వారి ఎడారివాగులకును భేదము లేదు.

ఇంతచేసి యా దారి యేమైనది? 1917, 1918 సంవత్సరములలో అరబ్బుల తిరుగుబాటునఁ బట్టాలు ప్రేలుడుమందుతో నెగురఁగొట్టఁబడినవి. యుద్ధానంతరము దక్షిణభాగము విడువఁబడెను. పునరుద్ధరణకై 1960ల నాఁటి యత్నము 1967 యుద్ధముతో నిలిచిపోయెను. ఉక్కుదిమ్మలను జనులు ఇండ్లకు దూలములుగాఁ బెట్టుకొనిరి. ఇప్పటికిని కట్టలు, తూఁములు, స్టేషనుల ఱాతిగోడలు నిలిచియే యున్నవి. వర్తక మనుసరించి కాక విరాళముతోను, రాజ్యాధికారముతోను వేసిన దారి గనుక, ఆ రాజ్యము పోఁగానే దానిని బోషించువారు లేకపోయిరని నా యభిప్రాయము.

మొదటి మహాయుద్ధమున మఱియొక దారి మనదేశపు సామగ్రితో వేయఁబడినది. ఇంగ్లీషుదొరలు బస్రానుండి ఉత్తరమునకు సేన నడపుటకై భారతదేశపు మీటరుగేజి పట్టాలను, ఇంజనులను ఓడలపైఁ దరలించిరి. అందులకై యిచ్చటి కొన్ని శాఖామార్గముల పట్టాలనే పెఱికిరి. తెలుఁగువారును జేరుచుండు మద్రాసు సాపర్ల పటాలము ఆ దేశమున సేవచేసినది. అచ్చట చిక్కు వేఱు. రెండు మహానదులు తెచ్చిన మెత్తని యొండ్రుమట్టి, గుప్పెడు ఱాయి దొరకదు. వానపడిన బురద, ఎండిన ధూళి. తొందరలో మట్టికట్టపైననే పట్టాలు పఱచిరి. 1920 నాటికి బస్రా బాగ్దాదులు కలిసినవి గాని, అది యుద్ధావసరమునకుఁ జేసిన పని.

స్థిరముగా నిలిచిన యెడారిదారులు పిదపవచ్చినవి. దమ్మామునుండి రియాదునకు 1951లో నడచిన బండి దహనా యిసుకతిన్నెలను దాఁటిపోయినది. చమురు పుష్కలమైన యా దేశమున ముడిచమురు చల్లి తిన్నెలను గట్టిపఱచుటయు నొక యుపాయము. మన తీరమున సరుగుడు, మొగలి, జీడిమామిడి వేసి యిసుకను బంధించుట యదే న్యాయము. అచ్చట నీరు చాలమి నూనె, ఇచ్చట నీరుండుటచేఁ జెట్టు. నఫూదు ఎడారిని దాఁటి గనుల ఖనిజమును దెచ్చు సౌదీ ఉత్తరదక్షిణమార్గము 2011లోఁ బనికి వచ్చెను. 2018లో మక్కా మదీనాల నడుమ గంటకు 300 కిలోమీటర్ల వేగముగల బండి యారంభమైనది. ఎమిరేటులలో 2016నుండి గంధకము మోయుచున్న దారి 2023 నాటికి మొత్తము దాదాపు 900 కిలోమీటర్లకుఁ బెరిగెను. కట్టను తిన్నెకంటె నెత్తుగాఁ గట్టి గాలి యిసుకను పైనుండి యీడ్చికొనిపోవునట్లు చేయుట, ప్రక్క వాలును బల్లపరుపుగాఁ దీయుట, దూరమునుండియే యడ్డుకంచెలు వేయుట, ఇసుక మిక్కుటమైనచోఁ గంకర మానివేసి కాంక్రీటుపలకపైఁ బట్టాలు బిగించుట, ఇవి యిప్పటి పద్ధతులు. వీని కన్నిఁటికిని మించి, గాలివాన వెలిసిన పిదప ఇసుక తొలఁగించు యంత్రము, దానివెంట మనుష్యులు పోవలసినదే. ఇసుక రాకుండఁ జేసిన ఇంజనీరు ఇంకను పుట్టలేదు.

ఆ మనుష్యులలో మనవారు నుందురు గనుక ఒక్కమాట. ఎమిరేటులలో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము పండ్రెండున్నర మొదలు మూఁడుగంటలవఱకు ఎండలోఁ బని చేయింపరాదని శాసనము. సౌదీలో నదే మూఁడుమాసములు పండ్రెండుమొదలు మూఁడువఱకు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెట్లు ప్రబలియున్నదో మీకుఁ జెప్పనక్కఱలేదు. మీవాఁడు ఫోనులో మాటలాడినప్పుడు జీతముమాటతోఁ బాటు, ఆ వేళ నీడకుఁ బోనిచ్చుచున్నారా, త్రాగునీరు పనిచోటికి వచ్చుచున్నదా యని కూడ నడుగుఁడు.