ఇసుకలో మొదలైన చదువు

చదువు మొదలుపెట్టడాన్ని మనం ‘ఓనమాలు దిద్దడం’ అంటాం. ‘రాయడం’ అనకుండా ‘దిద్దడం’ అనడంలోనే ఒక బోధనా పద్ధతి దాగి ఉంది. గురువు ఇసుకలో రాసిన అక్షరం మీద పిల్లవాడు మళ్ళీ మళ్ళీ వేలు తిప్పుతాడు. తప్పు పోతే అరచేత్తో చెరిపేస్తాడు. కాగితం లేదు, సిరా లేదు, ఖర్చూ లేదు. ఈ ఇసుక ఒకప్పుడు సముద్రాలు దాటి ఇంగ్లండు బడుల్లోకి వెళ్ళింది.

ఆండ్రూ బెల్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టాడు. 1787లో మద్రాసు చేరిన ఈ మతాచార్యుడు, 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమ బాధ్యత తీసుకున్నాడు. ఒకనాడు ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు రాస్తుండగా చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమన్నాడు. ఉపాధ్యాయుడు కుదరదన్నాడు. బెల్ పట్టు విడవక, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడికి ఆ తరగతి అప్పగించాడు. పెద్దవాళ్ళు కుదరదన్న పని ఆ పసివాడు చేసి చూపించాడు. 1797లో బెల్ ఈ ప్రయోగాన్ని లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. జోసెఫ్ లాంకాస్టర్ అదే దారిలో పేదపిల్లలకు బడులు నడిపాడు. ఎవరు ముందన్న తగవు ఇద్దరి అనుచరుల మధ్య ఏళ్ళ తరబడి సాగింది.

ఆ తగవులో మూడో పక్షం మాట ఎవరికీ పట్టలేదు. ఇసుక సంగతి బెల్ దాచలేదు గాని, పిల్లల చేత పిల్లలకు చదువు చెప్పించడం తన ఆవిష్కరణేనన్నాడు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దేశీయ బడుల లెక్కలు అడిగాడు. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ జవాబు పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు ఈయనే. తన జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 226 తెలుగువనీ లెక్క చెప్పాడు. ఇసుకలో రాత, పై విద్యార్థులు కింది వారికి నేర్పడం రెండూ ఇక్కడి బడుల సొత్తేననీ, ఇంగ్లండు వాటిని అనుకరించడం సబబేననీ రాశాడు.

అంతమాత్రాన మన వీధిబడిని బంగారం చేయనక్కరలేదు. ఆ 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే. అర్థం తెలియని పద్యాలు వల్లె వేయించేవారని కాంప్‌బెల్ నొచ్చుకున్నాడు కూడా. ఇంగ్లండులోనూ చిక్కే వచ్చింది. వందల మందికి ఒక్క ఉపాధ్యాయుడు చాలునన్న పొదుపే ప్రధానమైంది. తనకు అరకొరగా వచ్చింది మరొకరికి చెప్పే పిల్లవాడు ఎంత నేర్పగలడు? 1846లో అక్కడి ప్రభుత్వం శిక్షణ పొందే విద్యార్థి-ఉపాధ్యాయుల పద్ధతి తెచ్చాక పాత పద్ధతి వెనకబడింది.

కలుక్కుమనే సంగతి ఒకటుంది. ఈ పద్ధతితో ఇంగ్లండులో బడులు వెలుస్తున్న కాలంలోనే, ఇక్కడ ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు లేవని కాంప్‌బెల్ రాశాడు. విదేశీ వస్త్రాల రాకతో నేతపని దెబ్బతిని, జనం చితికిపోవడమే కారణమన్నాడు.

బెల్ 1832లో కన్నుమూశాడు. ఆయన ఇచ్చిన సొమ్ముతో సెయింట్ ఆండ్రూస్‌లో కట్టిన బడి పేరు నేటికీ ‘మద్రాస్ కాలేజి’. దారి చూపిన బడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇసుకలో రాసినదానికి ఆనవాలు మిగలదు కదా!