గర్భంతో రోజా

కడుపుతో ఉన్న స్త్రీ రంజాన్ నెలలో రోజా ఉండాలా, మానాలా అన్నది ముస్లిం కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ప్రశ్న. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం. దానికి 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తూ, సుమారు 33 ఏళ్లలో రుతువులన్నిటినీ చుట్టేస్తుంది. కడుపుతో ఉండేది తొమ్మిది నెలలు. లెక్క వేస్తే ప్రతి నాలుగు కాన్పుల్లో కనీసం మూడింటికి ఏదో ఒక నెలలో రంజాన్ తగులుతుంది. ముగ్గురు పిల్లల తల్లికి ఈ ప్రశ్న ఒక్కసారైనా ఎదురుకాకుండా ఉండడం అరుదు.

రోజా అంటే తెల్లవారుజామున చేసే భోజనమైన సహరీ వేళ ముగిసింది మొదలు పొద్దుగూకేదాకా తిండీ నీళ్లూ ముట్టకపోవడం. తెలుగు పల్లెల్లో దీన్నీ ఒక్కపొద్దు అనేస్తారు గానీ, పాలూ పళ్లూ తీసుకుంటూ గడిపే ఒక్కపొద్దుకూ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ గుక్కెడు నీళ్లు కూడా కూడవు. పైగా రోజా నిడివి ఊరినిబట్టి, రుతువునుబట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో సుమారు 13 గంటలైతే, మే, జూన్ నెలల్లో పద్నాలుగున్నర గంటలకు చేరుతుంది. బ్రిటన్‌లో నడివేసవి రోజా 18 గంటలు దాటుతుంది. 2018లో రంజాన్ మే నెల నడిమిలో, ఎండలు మండుతుండగా మొదలైంది. 2026లో ఫిబ్రవరిలోనే వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే స్త్రీ తొలి చూలుకు ఉన్న రోజా, మలి చూలుకు ఉన్న రోజా రెండూ ఒకటి కావు. "మా కాలంలో మేం ఉండలేదా" అనే పెద్దల మాట ఈ తేడాను లెక్కలోకి తీసుకోదు.

ధర్మశాస్త్రం ఏమంటుంది

రోజాను విధిగా చెప్పిన ఖురాన్ ఆయతులు రెండో అధ్యాయం అల్ బఖరాలో 183 నుంచి ఉన్నాయి. రోగులకూ ప్రయాణికులకూ మినహాయింపు అక్కడే ఉంది. వాళ్లు తర్వాతి రోజుల్లో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చు. దేవుడు మనుషులకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు, కష్టాన్ని కాదు అన్న భావం కూడా ఆ వరసలోనే వస్తుంది. ఆ ఆయతుల్లో గర్భిణి ప్రస్తావన విడిగా లేదు. అది ప్రవక్త మాటలను నమోదు చేసిన హదీసులో ఉంది. ప్రయాణికుడికీ, గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ అల్లాహ్ రోజా భారాన్ని సడలించాడని ప్రవక్త చెప్పినట్టు అనస్ బిన్ మాలిక్ అల్ కాబీ ఉల్లేఖించారు. ప్రవక్త సేవకుడిగా ప్రసిద్ధుడైన అనస్ వేరు, ఈయన వేరు. తిర్మిజీ, అబూ దావూద్, నసాయీ, ఇబ్న్ మాజా సంకలనాల్లో ఈ హదీసు కనిపిస్తుంది.

తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే గర్భిణి రోజా మానవచ్చన్న విషయంలో హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాలు నాలుగూ ఒక్కటే. ఆ భయం ఉత్త ఊహ కాకూడదు. వెనకటి కాన్పు అనుభవమో, ఒంట్లో కనిపించే లక్షణాలో, వైద్యుల మాటో ఆధారంగా ఉండాలి. మానిన తర్వాత ఏం చేయాలన్న దగ్గరే భేదాలు మొదలవుతాయి. హనఫీల ప్రకారం మానినన్ని రోజాలు తర్వాత ఉంటే చాలు. దీన్నే ఖజా అంటారు. షాఫయీ, హంబలీ సంప్రదాయాల్లో భయం కేవలం బిడ్డ గురించే అయితే ఖజాతోపాటు రోజుకొక పేదకు భోజనం, అంటే ఫిద్యా కూడా ఇవ్వాలి. తన ఆరోగ్యం గురించి కూడా భయం ఉంటే ఖజా సరిపోతుంది. మాలికీలు గర్భిణికి ఖజా ఒక్కటే చెప్పి, పాలిచ్చే తల్లికి ఫిద్యా కలిపారు. ఖజా లేకుండా ఫిద్యాతోనే సరిపోతుందన్న అభిప్రాయం ప్రవక్త సహచరులు ఇబ్న్ అబ్బాస్, ఇబ్న్ ఉమర్‌ల పేరిట నమోదై ఉంది.

తెలుగు రాష్ట్రాల ముస్లింలలో అత్యధికులు హనఫీలే. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ సంతతి వారు షాఫయీలు. పాతబస్తీలో షియాలున్నారు, వారి జాఫరీ సంప్రదాయం వేరు. ఒకే వీధిలోని ఇద్దరు గర్భిణులకు వారి వారి ఆలిములు (మత పండితులు) చెప్పే జవాబులు వేరుగా ఉండవచ్చు. ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు.

చాలా ఇళ్లలో రెండు పొరపాట్లు పాతుకుపోయాయి. ఫిద్యా డబ్బు కట్టేస్తే రోజా తీరిపోతుందనుకోవడం మొదటిది. హనఫీ శాస్త్రంలో ఫిద్యా ఇక కోలుకునే ఆశ లేని రోగికీ, ముదిమిలో ఉన్నవారికీ మాత్రమే. గర్భిణి కోలుకుంటుంది కాబట్టి ఆమె ఖజా ఉండాల్సిందే. రెండోది ఇంతకన్నా ప్రమాదకరం: మొదలుపెట్టిన రోజాను మధ్యలో విడిస్తే కఫ్ఫారా పడుతుందని, అంటే 60 రోజులు వరసగా ఉపవాసం ఉండాల్సి వస్తుందని భయపడడం. ఏ కారణమూ లేకుండా, కావాలని విడిచినవారికే కఫ్ఫారా. మధ్యాహ్నం మూడింటికి కళ్లు తిరిగి, పొట్ట బిగదీసి, నీళ్లు తాగిన గర్భిణికి పడేది ఆ ఒక్క రోజు ఖజా. ఇది తెలియక, రోజా విరమించే వేళ వినిపించే మగ్రిబ్ అజాన్‌కు ఇంకో మూడు గంటలే కదా అని పళ్ల బిగువున ఓర్చుకునేవాళ్లున్నారు.

ఖజా బాకీ

అనుమతి ఉన్నా చాలామంది ఎందుకు మానరు? దీనికి జవాబు భక్తి ఒక్కటే అంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం లెక్కలో ఉంది. కడుపుతో ఉండగా ఒక రంజాన్, పాలిచ్చే రెండేళ్లలో మరో రెండు. ఒక్క బిడ్డకు 90 రోజాలు. ముగ్గురు బిడ్డలకు 270. దీనికి నెలసరి వల్ల ఏటా మానే ఐదారు రోజులు కలపాలి. ముప్పై ఐదేళ్ల స్త్రీ వెనక్కి తిరిగి చూసుకుంటే ఏడాది పొడవునా ఉపవాసం ఉన్నా తీరేలా కనిపించని బాకీ తేలుతుంది.

ఆ బాకీని ఒంటరిగా తీర్చాలి. రంజాన్‌లో ఊరంతా మేలుకుంటుంది, సైరన్ మోగుతుంది, ఇంటిల్లిపాదీ సహరీకి కూర్చుంటారు, సాయంత్రం ఖర్జూరాల పళ్లెం చుట్టూ అందరి చేతులూ ఒకేసారి కదులుతాయి. ఖజా రోజు ఇవేవీ ఉండవు. నాలుగింటికి తనొక్కతే లేచి, లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే రాత్రి మిగిలిన అన్నం తిని, పగలు అందరికీ వండిపెట్టి, సాయంత్రం ఎవరూ గమనించని వేళ ఒక గ్లాసు నీళ్లతో విరమించాలి. దీనికన్నా నలుగురితో కలిసి ఇప్పుడే ఉండిపోవడం తేలికనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఖజాను వెంటనే తీర్చాలని గానీ, వరసగా ఉండాలని గానీ నియమం లేదు. ప్రవక్త భార్య ఆయిషా తన ఖజా రోజాలను మరుసటి రంజాన్‌కు ముందు నెల అయిన షాబాన్‌లో పూర్తి చేసేవారని హదీసు. హైదరాబాద్‌లో డిసెంబరు రోజా పన్నెండున్నర గంటల లోపే, దాహమూ తక్కువ. వారానికొకటి చొప్పున ఉన్నా ఏడాదిలో యాభై తీరతాయి.

ఒంట్లో ఏం జరుగుతుంది

మామూలు మనిషి ఒంట్లో చక్కెర నిల్వలు అడుగంటి కొవ్వు కరగడం మొదలవడానికి పట్టే సమయంకన్నా గర్భిణికి చాలా తక్కువ సమయం పడుతుంది. బిడ్డ నిరంతరం గ్లూకోజ్ లాగుతూ ఉంటుంది కాబట్టి తల్లి రక్తంలో చక్కెర త్వరగా పడిపోయి, కీటోన్లు పెరుగుతాయి. నెలలు నిండే కొద్దీ ఇది ఎక్కువ. 1982లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, చివరి నెలల్లో ఉన్న స్త్రీలు ఉదయం ఫలహారం మానేస్తేనే ఈ మార్పు కనిపిస్తుందని చూపి, దీన్ని వేగిరపడిన ఆకలి స్థితిగా వర్ణించింది. నీటి కొరత దీనికి తోడైతే తలనొప్పి, మూత్రం చిక్కబడడం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, కొందరిలో పొట్ట బిగదీయడం వస్తాయి.

దీనివల్ల బిడ్డకు చెరుపు జరుగుతుందా అన్నదానికి పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన 13 వేలకు పైగా ఆసియా ముస్లిం శిశువుల బరువులు చూసిన 1990 నాటి అధ్యయనంలో సగటు బరువుపై ప్రభావం కనిపించలేదు. 2018లో 22 అధ్యయనాలను, 31,374 కాన్పులను కలిపి సమీక్షించినప్పుడూ పుట్టిన బరువులో, నెలలు నిండకముందు కాన్పుల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మాయ బరువు మాత్రం కొంత తక్కువగా ఉంది. మరోవైపు అమెరికా ఆర్థికవేత్తలు డగ్లస్ ఆల్మండ్, భాష్కర్ మజుందర్ 2011లో మిషిగన్, ఇరాక్, ఉగాండా గణాంకాలతో, కడుపులో ఉండగా రంజాన్ తగిలినవారిలో బరువు తక్కువగా, పెద్దయ్యాక వైకల్యాలు ఎక్కువగా ఉన్నాయన్నారు. ఇంగ్లండ్‌లోని పాకిస్తానీ, బంగ్లాదేశీ పిల్లల ఏడేళ్ల నాటి పరీక్ష మార్కుల్లోనూ చిన్న తగ్గుదల కనిపించిందని 2015లో మరో పత్రం వచ్చింది.

ఈ రెండో రకం పరిశోధనల్లో పెద్ద చిక్కుంది. తల్లి నిజంగా రోజా ఉందో లేదో వాటికి తెలియదు. పుట్టిన తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి రంజాన్ తగిలిందా లేదా అని మాత్రమే చూస్తాయి. మిషిగన్ పత్రాల్లో మతం ఉండదు కాబట్టి అరబ్బు వంశాన్నే గుర్తుగా తీసుకున్నారు. అరబ్బుల్లో క్రైస్తవులూ ఉన్నారు. మొదటి రకం అధ్యయనాల్లో చాలావాటికి వేరే లోపం ఉంది: రోజా ఉండగలిగినవాళ్లు ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావచ్చు. కాబట్టి ఆరోగ్యవంతురాలైన గర్భిణికి కొన్ని రోజాలవల్ల వెంటనే కీడు జరుగుతుందని చెప్పలేం, ఏమీ కాదని హామీ కూడా ఇవ్వలేం. నిజాయతీ ఉన్న డాక్టరు చెప్పగలిగేది ఇంతే.

కొందరి విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. ఇన్సులిన్ వాడుతున్న మధుమేహం, అధిక రక్తపోటు, కవల పిల్లలు, బిడ్డ ఎదుగుదల మందగించడం, నెలలు నిండకముందే కాన్పయిన చరిత్ర, ఆగని వాంతులు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లు ఉండకూడదు. చివరిది మన దగ్గర చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగానికి పైనే.

ఉన్నా, మానినా

సింగపూర్‌లో 2004లో వచ్చిన ఒక సర్వేలో ముస్లిం గర్భిణుల్లో 87 శాతం మంది కనీసం ఒక్క రోజైనా రోజా ఉన్నారు. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఇది 43 శాతం. ఇంతమంది ఉంటున్నప్పుడు "వద్దమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసే డాక్టరు దగ్గర జరిగేది ఒకటే: ఆమె ఇంటికి వెళ్లి రోజా ఉంటుంది, వచ్చేసారి చెప్పదు. రంజాన్‌కు ముందే అడిగి తెలుసుకోవడం ఇద్దరికీ మేలు. మధుమేహ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగాలి కాబట్టి వీలుంటే దాన్ని నెల మొదలవకముందే చేయించుకోవాలి. రక్తం తీయడంవల్ల, పొట్టమీద స్కానింగ్‌వల్ల రోజా భంగం కాదు. భంగమవుతుందన్న అనుమానంతోనే పండగ దాకా పరీక్షలు వాయిదా వేసేవాళ్లున్నారు.

ఉంటానన్న స్త్రీకి సహరీ మానడం అన్నిటికన్నా చెరుపు. హైదరాబాదీ ఇళ్లలో సహరీకి పెట్టే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా కలిసి పప్పూ మాంసమూ ఉన్న మంచి భోజనమే. ఉప్పూ కారం తగ్గిస్తే మధ్యాహ్నం దాహం అంతగా వేధించదు. ఐరన్ మాత్రను సాయంత్రం రోజా విరమించే ఇఫ్తార్ తర్వాత చాయ్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, రెంటి మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. బిడ్డ కదలికలు తగ్గినా, కళ్లు తిరిగినా, పొట్ట పదేపదే బిగదీసినా వెంటనే విరమించి ఆసుపత్రికి వెళ్లాలి. హనఫీ, షాఫయీ, హంబలీ సంప్రదాయాల్లో ప్రతి రోజాకూ సంకల్పం విడిగా ఉంటుంది కాబట్టి నెలంతా ఉండడం, నెలంతా మానడం అనే రెండు దారులే కావు. ఈరోజు ఉండి, రేపు మాని, ఎల్లుండి ఒంటిని చూసుకుని నిర్ణయించుకోవచ్చు.

మానిన స్త్రీ సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆమె మూడున్నరకే లేచి ఇంట్లో అందరికీ సహరీ వండుతుంది, కాబట్టి నిద్ర లేదు. పగలు పొయ్యి వెలగదు. రోజా ఉన్న మామగారు హాల్లో కూర్చుని ఉంటే, ఆయన ముందు తినడం మర్యాద కాదని వంటింటి తలుపు చాటున నిలబడి రెండు బిస్కెట్లు నీళ్లలో ముంచుకు తింటుంది. రోజా పుణ్యమూ లేదు, కడుపు నిండా తిండీ లేదు. ఇలా గడిచిన ముప్పై రోజులు ఏ పరిశోధన లెక్కల్లోనూ రోజా కింద నమోదు కావు గానీ, లోపలి బిడ్డకు అదీ ఉపవాసమే. ఇది అర్థమైన అత్తలు పొద్దున్నే కోడలికి విడిగా రెండు పూటలకు సరిపడా వండించి, "గదిలోకి తీసుకెళ్లి కూర్చుని తిను" అంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. పండగ తర్వాత షవ్వాల్ నెలలో తాము ఉండే ఆరు నఫిల్ (ఐచ్ఛిక) రోజాలను, ఒంట్లో ఓపికుంటే కోడలి ఖజా రోజాలతో కలిపి పెట్టుకుంటారు. ఆ ఆరు తెల్లవారుజాములు వంటింట్లో లైటు ఇద్దరి కోసం వెలుగుతుంది.