మచిలీపట్నం

మచిలీపట్నం (మచిలీపట్టణం, బందరు) ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో బంగాళాఖాతం తీరాన ఉన్న పట్టణం, కృష్ణా జిల్లా ముఖ్యపట్టణం. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 1.7 లక్షలు. 17వ శతాబ్దంలో ఇది గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. డచ్చి, ఆంగ్లేయ, ఫ్రెంచి వర్తక కంపెనీలు మూడూ ఇక్కడ స్థావరాలు ఏర్పరచుకున్నాయి. ఇంత పేరు పొందిన రేవు అయినప్పటికీ ఇక్కడ లోతైన సహజ నౌకాశ్రయం ఏనాడూ లేదు. ఈ పట్టణం ఎదగడానికి దాని వెనుక ఉన్న భూమి, తగ్గిపోవడానికి దాని ముందు ఉన్న సముద్రం ముఖ్య కారణాలని చెప్పవచ్చును.

పేరు వెనుక చరిత్ర

"మచిలీ" అంటే హిందుస్తానీలో చేప. కోట ద్వారాన్ని పెద్ద చేప కంటితో అలంకరించినందువలన ఈ పేరు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. "బందరు" అనేది పారశీక పదం, దీనికి రేవు అని అర్థం. పారశీక వర్తకుల రాకపోకల వలన ఈ పదం స్థిరపడి, నేటికీ కృష్ణా జిల్లా ప్రజల వాడుకలో ఊరి పేరు "బందరు" గానే ఉన్నది. ఐరోపా వారు దీనిని మసూలిపటం అని వ్రాశారు. మస్లిన్ అనే సన్నని వస్త్రానికి ఆ పేరు ఇక్కడి నుండే వచ్చిందని కొందరు అంటారు. కాని ఆ పేరు ఇరాక్ లోని మోసుల్ నగరం నుండి వచ్చిందన్న అభిప్రాయమే ఎక్కువగా ఆమోదం పొందినది.

భౌగోళికం

మచిలీపట్నం కృష్ణా నది డెల్టాలో, విజయవాడకు ఆగ్నేయంగా సుమారు 70 కి.మీ. దూరంలో ఉన్నది. నది ప్రధాన పాయలు పట్టణానికి దక్షిణాన దివిసీమకు ఇరువైపులా ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. చుట్టూ ఉన్న భూమి నది తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడినది, చాలా పల్లమైనది. తీరానికి దగ్గరగా ఉప్పునేలలు, మడ అడవులు, పోటు సమయంలో సముద్రపు నీరు ఎక్కే పర్రలు ఉన్నాయి. పట్టణానికి సమీపంలోని మంగినపూడి తీరంలో ఇసుకకు బదులు నల్లమట్టి కనిపిస్తుంది.

నది ఏటా తెచ్చే ఒండ్రు సముద్రంలో కూడా పేరుకుంటుంది. అందువలన తీరం నుండి చాలా దూరం వరకూ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకును, మనుషులను పడవల మీద ఓడకు చేర్చేవారు. పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలను కోరమాండల్ తీరమంతటా వాడేవారు. మేకులు కొట్టిన పడవ కంటే ఇవి అలల తాకిడిని బాగా తట్టుకునేవి. ఐరోపా వారు వీటిని "మసూలా" పడవలు అనేవారు.

ఓడల రాకపోకలు ఋతుపవనాలను అనుసరించి సాగేవి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. ఆ నెలలలో అడ్డుగోడ ఏదీ లేని ఈ తీరంలో లంగరు వేసి ఉండడం ప్రమాదకరం.

పాత కోట పట్టణానికి ఆగ్నేయంగా, సముద్రపు కాలువ ఒడ్డున ఉన్నది. కోటకు, ఊరికి మధ్య బురదనేల ఉండేది. దాని మీదుగా వేసిన కట్ట దారి రెంటినీ కలిపేది.

ప్రాచీన చరిత్ర

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టులో నివసించిన ఒక గ్రీకు వర్తకుడు వ్రాసినట్లు భావించే "పెరిప్లస్" అనే నౌకాయాన గ్రంథంలో మసాలియా అనే ప్రాంతం ప్రస్తావన ఉన్నది. అక్కడ సన్నని నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని ఆ గ్రంథం తెలుపుతున్నది. 2వ శతాబ్దానికి చెందిన టాలెమీ ఇదే ప్రాంతాన్ని మైసోలియా అని, ఇక్కడి నదిని మైసోలస్ అని పేర్కొన్నాడు. ఈ నది కృష్ణ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ కాలంలో భారతదేశపు సరుకులు ఎర్ర సముద్రం, నైలు నది మీదుగా మధ్యధరా తీరంలోని అలెగ్జాండ్రియా రేవుకు చేరి, అక్కడి నుండి రోమక సామ్రాజ్యమంతటా అమ్ముడయ్యేవి.

అయితే మసాలియా అన్నది ఒక ప్రాంతానికి పేరు. దానిని నేటి మచిలీపట్నం పట్టణంగా భావించడం సరికాదు. టాలెమీ పేర్కొన్న కంటకస్సిల నేటి ఘంటసాల అని గుర్తించారు. ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుని ప్రస్తావన ఉన్నది. ఒకప్పుడు రేవుగా ఉన్న ఘంటసాల నేడు సముద్రానికి దూరంగా ఉన్నది. డెల్టా పెరిగే కొద్దీ, నది పాయలు మారే కొద్దీ ఈ తీరంలో రేవులు కూడా మారుతూ వచ్చాయి. కాకతీయుల కాలంలో దక్షిణాన ఉన్న మోటుపల్లి ప్రధానమైన రేవు. 1244లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ అక్కడ అభయ శాసనం వేయించాడు.

గోల్కొండ రేవు

కుతుబ్ షాహీల పాలనలో 16వ శతాబ్దపు చివరి నుండి మచిలీపట్నం ప్రాముఖ్యత బాగా పెరిగింది. 1591లో స్థాపించిన హైదరాబాదు నగరానికి, గోల్కొండ కోటకు అవసరమైన విదేశీ సరుకులు ఈ రేవు గుండా వచ్చేవి. గుర్రాలు, సుగంధ ద్రవ్యాలు, పట్టు, పింగాణీ, రాగి, తగరం దిగుమతి అయ్యేవి. నూలు బట్టలు, అద్దకం బట్టలు, నీలిమందు ఎగుమతి అయ్యేవి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల వజ్రాల వర్తకం కూడా ఈ రేవుతో ముడిపడి ఉండేది. ఇక్కడి నుండి ఓడలు పెగూ, అరకాన్, ఆచే, మలక్కా, పారశీక సింధుశాఖ, ఎర్ర సముద్రంలోని మోఖా రేవులకు వెళ్ళేవి. మక్కా యాత్రికులు కూడా ఈ ఓడలలో ప్రయాణించేవారు.

పారశీక వర్తకులు ఈ వ్యాపారంలో ప్రముఖ పాత్ర వహించారు. తరువాత గోల్కొండ రాజ్యంలో మంత్రిగా ఎదిగిన మీర్ జుమ్లా కొంతకాలం మచిలీపట్నం పాలనాధికారిగా పనిచేశాడు. అతనికి స్వంత ఓడలు ఉండేవి. 1652లో ఇక్కడకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే, ఇళ్ళన్నీ చెక్కతో కట్టిన పెద్ద ఊరుగా దీనిని వర్ణించాడు. బంగాళాఖాతంలో ఇంతకంటే మంచి రేవు లేదని కూడా వ్రాశాడు.

ఐరోపా కంపెనీలు

డచ్చివారు 1605లో ఇక్కడకు వచ్చి స్థావరం ఏర్పరచుకున్నారు. వారి అసలు ఉద్దేశ్యం సుగంధ ద్రవ్యాలు. ఇండోనేషియా దీవులలో లవంగాలు, జాజికాయ కొనడానికి అక్కడి ప్రజలు కోరుకునే కోరమాండల్ బట్టలు అవసరమయ్యాయి. ఆంగ్లేయులు 1611లో "గ్లోబ్" అనే ఓడలో వచ్చి స్థావరం స్థాపించారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వారికి ఏటా నిర్ణీత సుంకం మీద తన రేవులలో వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చాడు. దీనికి "బంగారు ఫర్మానా" అని పేరు. ఫ్రెంచివారు 1669లో స్థావరం ఏర్పరచారు.

ఇక్కడి అధికారులతో వచ్చే చిక్కులు తప్పించుకోవడానికి, కోట కట్టుకునే వీలున్న చోటు కోసం ఆంగ్లేయులు దక్షిణాన వెతికారు. 1639లో మద్రాసులో స్థలం సంపాదించి, 1641లో కోరమాండల్ తీరపు ప్రధాన కార్యాలయాన్ని అక్కడకు తరలించారు. మచిలీపట్నం ప్రాముఖ్యత తగ్గడానికి ఇది నాంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించిన తరువాత కుతుబ్ షాహీల పోషణ కూడా పోయింది.

1750లో ఫ్రెంచివారు పట్టణాన్ని ఆక్రమించుకొని కోటను బలపరచారు. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1758లో చందుర్తి యుద్ధంలో గెలిచిన ఆంగ్లేయ సేనాని కల్నల్ ఫోర్డ్, 1759 మార్చిలో మచిలీపట్నం కోటను ముట్టడించాడు. కోట లోపల కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని సైన్యం అతని సైన్యం కంటే ఎక్కువ. నిజాము సైన్యం కూడా ఫ్రెంచివారికి సహాయంగా దగ్గరకు వస్తున్నది. ఆ స్థితిలో ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి కోటను పట్టుకున్నాడు. మే నెలలో సలాబత్ జంగు ఆంగ్లేయులతో సంధి చేసుకొని మచిలీపట్నం పరిసర ప్రాంతాన్ని వారికి ఇచ్చాడు. ఈ విజయంతో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ఆధిపత్యం అంతమయింది.

కలంకారీ

మచిలీపట్నం అద్దకం బట్టలు పారశీక దేశంలోను, ఐరోపాలోను ప్రసిద్ధి చెందాయి. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మలను కలంతో గీస్తారు. మచిలీపట్నం పద్ధతిలో ముఖ్యంగా చెక్క అచ్చులతో అద్దుతారు. బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి నల్లరంగు తయారుచేస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక ద్రావణాన్ని అద్ది, తరువాత రంగు వేళ్ళతో కలిపి ఉడికిస్తారు. పటిక అద్దిన చోటే ఎరుపు నిలుస్తుంది. పూర్వం దీనికి ఈ తీరపు ఇసుక నేలలలో పెరిగే చిరివేరును వాడేవారు. ప్రతి దశలోను బట్టను పారే నీటిలో ఉతకాలి. కాలువలు ఉన్న డెల్టా ఈ వృత్తికి అనుకూలించింది.

ఇంగ్లండులో యంత్రాలపై తయారైన బట్ట రావడంతో 19వ శతాబ్దంలో ఎగుమతులు పడిపోయాయి. 1833 చట్టంతో ఈస్టిండియా కంపెనీ వర్తకం కూడా ఆగిపోయింది. నేడు ఈ వృత్తికి పట్టణం దగ్గరలోని పెడన ముఖ్య కేంద్రం. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

తుఫానులు

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫాను పట్టణ చరిత్రలో అన్నిటికంటే పెద్ద విపత్తు. సుమారు 13 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన పట్టణాన్ని ముంచి, ఎత్తయిన నేల ఏదీ లేని డెల్టాలో అనేక మైళ్ళ లోపలికి పోయింది. పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను కలిపి సుమారు 30,000 మంది మరణించారు. సముద్రపు నీరు నిలిచిన పొలాలు, మంచినీటి చెరువులు ఉప్పుబారాయి. ఈ దెబ్బ తరువాత కోటలోని సైనిక స్థావరాన్ని విడిచిపెట్టారు. రెండేళ్ళ తరువాత, 1866లో, పట్టణంలో పురపాలక సంఘం ఏర్పడింది.

1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో ఉప్పెన ప్రధానంగా దివిసీమను తాకింది. పదివేలకు పైగా ప్రజలు చనిపోయారు. ఆ తరువాత తీరగ్రామాలలో తుఫాను రక్షణ భవనాలు నిర్మించారు. వాతావరణ శాఖ మచిలీపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారును నెలకొల్పింది. 2004 డిసెంబరు 26న సునామీ మంగినపూడి తీరంలో కూడా ప్రాణనష్టం కలిగించింది.

విద్య, జాతీయోద్యమం

రేవు క్షీణించిన తరువాత మచిలీపట్నం జిల్లా కేంద్రంగా, విద్యా కేంద్రంగా పేరు పొందింది. 1843లో రాబర్ట్ నోబుల్ అనే క్రైస్తవ మిషనరీ స్థాపించిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాల అయింది. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడ మొదలయింది. ముట్నూరి కృష్ణారావు 1907 నుండి 1945లో మరణించేవరకు దానికి సంపాదకుడు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. చదువుతో పాటు చేతివృత్తులు కూడా నేర్పించడం దీని ప్రత్యేకత. 1923 నవంబరులో పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది.

కొత్త ఓడరేవు

20వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు చిన్న ఓడలకు, చేపల పడవలకు పరిమితమయింది. గిలకలదిండి వద్ద చేపల రేవు ఉన్నది. లోతైన ఓడరేవు నిర్మాణానికి 2008 ఏప్రిల్ 23న ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశాడు. పనులు ముందుకు సాగలేదు. 2019 ఫిబ్రవరిలో నారా చంద్రబాబునాయుడు పనులు ప్రారంభించగా, అదే సంవత్సరం తరువాతి ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2023 మే 22న వై.యస్.జగన్మోహనరెడ్డి మంగినపూడి సమీపంలోని తపసిపూడి వద్ద మళ్ళీ పనులు ప్రారంభించాడు. సముద్రంలోకి అలల తాకిడిని ఆపే గోడలు కట్టడం, ఓడలు వచ్చే దారిని తవ్వి లోతు చేయడం ఈ పథకంలో ముఖ్యమైన పనులు. పూర్వం పడవలతో దాటిన లోతులేని నీటిని ఇప్పుడు తవ్వకంతో దాటవలసి ఉన్నది. నది ఒండ్రు తెస్తూనే ఉంటుంది కనుక తవ్విన దారిలో పూడిక తీయడం నిరంతరం జరగవలసిన పని.

రవాణా

పూణే నుండి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) మచిలీపట్నంలో ముగుస్తుంది. హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్ట గుండా సాగే రహదారి ఇదే. గోల్కొండ కాలపు రాజధానిని, దాని రేవును ఇది నేటికీ కలుపుతున్నది. కత్తిపూడి - ఒంగోలు తీర రహదారి (216) కూడా పట్టణం గుండా పోతుంది. గుడివాడ మీదుగా విజయవాడకు రైలు మార్గం ఉన్నది.

చూడదగినవి

* బందరు కోట శిథిలాలు
* డచ్చివారి సమాధులు - 17వ శతాబ్దపు చెక్కిన రాతి పలకలు ఇక్కడ ఉన్నాయి
* చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం. చిలకలపూడి బంగారు పూత నగలకు కూడా ప్రసిద్ధి
* మంగినపూడి సముద్రతీరం

బందరు లడ్డు (తొక్కుడు లడ్డు)కు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఉత్తర భారతదేశం నుండి వచ్చి స్థిరపడిన బొందిలీలు ఈ మిఠాయిని ఇక్కడ పరిచయం చేశారని చెబుతారు.

ప్రముఖులు

* భోగరాజు పట్టాభి సీతారామయ్య - స్వాతంత్ర్య సమరయోధుడు, కాంగ్రెసు అధ్యక్షుడు
* ముట్నూరి కృష్ణారావు - కృష్ణా పత్రిక సంపాదకుడు
* కోపల్లె హనుమంతరావు - ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకుడు
* రఘుపతి వెంకయ్య - తెలుగు సినిమా పితామహుడు, మచిలీపట్నంలో జన్మించాడు
* పింగళి వెంకయ్య - జాతీయ పతాక రూపకర్త, ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశాడు